మూత కింది అక్షరాలు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో కూర్చుంటే దారంతా చదునే. వరి మళ్లు, కాలువలు, తాటిచెట్లు. గుట్ట అన్నది కంటపడదు. మధ్యలో భట్టిప్రోలులో దిగితే మాత్రం ఒక దిబ్బ ఉంది. కొండలేని ఈ డెల్టాలో రెండు వేల ఏళ్లకు పైగా కిందట మనుషులు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్న కొండ అది. బుద్ధుడి ధాతువుల మీద, అంటే అస్థికల మీద, లేపిన స్తూపం. అమరావతి, ఘంటసాల, జగ్గయ్యపేట స్తూపాలకు ఇది తోబుట్టువు. జ్ఞాపకం చెరిగిపోయాక జనం దాన్ని లంజదిబ్బ అన్నారు.

ఇటుక దగ్గరే పనితనం తెలుస్తుంది. పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు 30, మందం 8. ఇప్పటి ఇటుకలు ఐదారు కలిపితే అలాంటిది ఒకటి. అంత మందాన మట్టి పగలకుండా, లోపల పచ్చిగా మిగలకుండా కాల్చడం బట్టీ పెట్టినవాళ్లకే తెలిసిన కష్టం. అడుగున 148 అడుగుల వ్యాసం, పైన గుమ్మటం లాంటి అండం 132 అడుగులు, ఎత్తు 40 అడుగులు. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రియా తవ్వే నాటికే అందులో చాలా భాగం కరిగిపోయింది. ఇటుకలు రోడ్ల కిందికి, పాలరాతి పలకలు కాలువ కట్టడాల్లోకి వెళ్లిపోయాయి. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అయితే తవ్వుకుపోయినవాళ్ల పార అందని చోట, స్తూపం నడిమధ్యన, మూడు రాతి పేటికలు మిగిలాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, ధాతువులు, బంగారు పూలు, ముత్యాలు, పూసలు. ఒకచోట 24 వెండి నాణేలను స్వస్తిక ఆకారంలో పరిచారు. మూత పడ్డాక ఎవరూ చూడని ముగ్గు అది.

ఆ స్ఫటికం దగ్గర కాసేపు ఆగాలి. స్ఫటికం ఇనుము కన్నా గట్టిది, ఉలికి లొంగదు. దెబ్బ వేస్తే పెళుసుగా పగులుతుంది. దాన్ని కొట్టరు, అరగదీస్తారు. కురువిందం లాంటి గట్టి రాతిపొడిని నీళ్లతో తడిపి, బరమా తిప్పుతూ కొద్దికొద్దిగా తొలుస్తారు. ఆ తర్వాత లోపలి గోడల గరుకు పోయేదాకా మెరుగు పెట్టాలి. తొందరపడితే చీలిక, చీలితే పని మొదటికొస్తుంది. రోజుల తరబడి అంత ఓపిక పట్టి చేసిన భరిణెను రాతిలో పెట్టి, రాతి మీద రాయి మూసి, ఆపైన ఇటుకల కొండ కట్టేశారు.

అక్షరాలదీ అదే దారి. పేటిక అంచు మీద, మూత కూర్చునే చోట, ప్రాకృతంలో రాత చెక్కారు. కుర అనే మనిషి, అతని తల్లిదండ్రులు, శివ అనే మరొకరు కలిసి ఈ పేటికనూ స్ఫటికపు భరిణెనూ చేయించారన్నది అందులో సారాంశం. మరో పేటిక మీద గోష్ఠి, అంటే సంఘం, సభ్యుల పేర్లు, కుబీరక రాజు పేరు ఉన్నాయి. వీటిని చదివినవాడు జర్మన్ పండితుడు బ్యూలర్. మామూలు బ్రాహ్మి లిపిలో అచ్చు గుర్తు లేని హల్లుకు ‘అ’ కలిసే పలుకుతుంది. భట్టిప్రోలు లిపికారుడు అలా వదల్లేదు. ‘అ’ పలకాలంటే అక్షరం పైన కుడివైపు చిన్న అడ్డగీత గీశాడు, ‘ఆ’కు ఆ గీతనే కిందికి వంచాడు. ‘మ’ను తలకిందులు చేశాడు. మన తలకట్టు పుట్టుక వేరే కథే గానీ, పలికే ప్రతి అచ్చుకూ ఒక గుర్తు ఉండాలన్న ఆ పట్టుదల పలక మీద గుణింతం దిద్దినవాళ్లకు సొంత ఇంటిదిలా తోస్తుంది.

ఇక్కడి ధాతువు ఒకటి 1920లో కలకత్తా ధర్మరాజిక విహారం చేరింది. దొరికిన వస్తువులన్నిటిలో నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది మాత్రం ఒక చిన్న ఆరుపలకల స్ఫటికం. దాని మీద సన్నగా, గీకినట్టు కొన్ని అక్షరాలు. రాతి మీద లోతుగా చెక్కిన చెయ్యి కాదిది, లిపి కూడా మామూలు బ్రాహ్మే. రాసినది నందపురం ఆడవాళ్ల కానుక గురించి.