రాసిన చేత్తోనే వెక్కిరింత

‘అడవిరాముడు’ (1977), ‘వేటగాడు’ (1979) సినిమాలకు మాటలు రాసిందీ, ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984) తీసిందీ ఒక్కరే. జంధ్యాల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి పెద్దగా పట్టించుకోం. హాస్యబ్రహ్మ అనేసి, ఆరోగ్యకరమైన హాస్యమంటూ ఓ దండ వేసేసి ఊరుకుంటాం. ‘వేటగాడు’లో రావు గోపాలరావు నోట ప్రాస మీద ప్రాస దొర్లించింది ఆయనే మరి! మాస్ సినిమా గుట్టుమట్లన్నీ తెలిసినవాడు గనకే, దర్శకుడయ్యాక దాన్ని అంత తీరిగ్గా ఆటపట్టించాడు.

పేరడీ రాసేవాడికి నోటి దురుసు కన్నా ముందు చెవి ఉండాలి. జరుక్ శాస్త్రి ‘పేరడీ శాస్త్రి’ అనిపించుకున్నది ఊరికే కాదు. అసలు కవి నడకా, విరుపూ అలాగే ఉంచి లోపలి సరుకు మార్చేసేవాడు. ఆ విద్యని జంధ్యాల తెర మీదికి తెచ్చాడు.

‘శ్రీవారికి ప్రేమలేఖ’లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పే ఘట్టం ఉంది కదా. చూసొచ్చిన సినిమాని ఇంట్లోవాళ్లకి పూసగుచ్చినట్టు చెప్పడం అప్పట్లో చాలా ఇళ్లలో ఉన్న సరదాయే. ఈవిడ మాత్రం కథ దగ్గర మొదలెట్టదు, టైటిళ్ల దగ్గర మొదలెడుతుంది. వాయిద్యాలు కూడా నోటితోనే. అవతలివాళ్లు ఎలా తప్పించుకోవాలా అని చూస్తుంటారు. ఆవిడ ముఖంలో భక్తి తప్ప మరోటి కనబడదు. కిటుకంతా ఆ భక్తిలోనే ఉంది. మధ్యలో ఒక్కసారి తానే నవ్వేసిందా, ఆ ఘట్టం కాస్తా తుస్సుమనేది. దెబ్బ ఫార్ములా సినిమాకి ఎంత తగిలిందో, దాన్ని కళ్లప్పగించి చూసిన మనకీ అంతే తగిలింది.

మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా తీసిన ‘చంటబ్బాయ్’ (1986)ది ఇంకో దారి. ‘ఖైదీ’తో మాస్ హీరోగా స్థిరపడ్డ చిరంజీవిని జేమ్స్ పాండ్ అనే డిటెక్టివ్‌ని చేసి, చాప్లిన్ వేషం కూడా వేయించారు. అందులోనూ శ్రీలక్ష్మే, ఈసారి కవితలతో, వంటకాలతో పత్రికా సంపాదకుడి ప్రాణాలు తోడేస్తుంది. ఆ కవితల్లో ఆవేశం ఉంది, ఊపుంది, పాదాలు విరగాల్సిన చోటే విరుగుతాయి. లేనిదల్లా కవిత్వమే. పత్రికాఫీసులో కూర్చునే మాలాంటివాళ్లకి అది చూస్తే నవ్వుతోపాటు కాస్త వణుకూ పుడుతుంది.

అన్నిటినీ వెక్కిరించాడనీ కాదు. ‘అహ నా పెళ్ళంట’, ‘వివాహ భోజనంబు’, ‘చూపులు కలసిన శుభవేళ’ అనే మూడు పేర్లూ ‘మాయాబజార్’ పాటల నుంచి తెచ్చుకున్నవే. అది ముచ్చటపడి తెచ్చుకోవడం. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినడం పేరడీ కాదు గానీ పనితనం ఒకటే. పిసినారి లెక్క ప్రకారం అందులో తప్పేముంది? ఆ లెక్కని చివరిదాకా లాగాడంతే.

జంధ్యాల శిష్యుడు ఇ.వి.వి. సత్యనారాయణ. ఆయన కొడుకు అల్లరి నరేష్ చేసిన ‘సుడిగాడు’ (2012) నిండా పేరడీలే, అదీ తమిళం నుంచి తెచ్చుకున్న సినిమా. నవ్వొస్తుంది, కాదనను. కాకపోతే ఏ సీను ఏ సినిమాలోదో గుర్తుపట్టడమే అక్కడ సగం జోకు. ఆ సినిమా చూడనివాడికి పక్కవాడు చెప్పాలి. శ్రీలక్ష్మి కవిత విని నవ్వడానికి మాత్రం ఏ కవినీ చదివి ఉండనక్కర్లేదు.