సాలెపురుగు వేషమూ, పాత్రౌచిత్యమూ

వీడియో ఆటను సాహిత్య పత్రికలో విమర్శకు పెట్టడమేమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. నవలలో కథ ఉంటుంది, నాటకంలో పాత్ర ఉంటుంది, సినిమాలో దృశ్యం ఉంటుంది. ఆ మూడూ కలిసిన వస్తువు మన ఇళ్ళల్లో టీవీ కింద ఒక నల్లపెట్టెలో కూర్చుని ఉంటే, అది పిల్లల గొడవ అని వదిలెయ్యడం విమర్శకుడికి తగదు. పైగా ఈ సరుకుతో మన ఊరికి చుట్టరికమూ ఉంది. రాజేశ్ రావు 1997లో ధ్రువ ఇంటరాక్టివ్ సంస్థను మొదలుపెట్టింది బెంగుళూరులోనే. పై దేశాల ఆటలకు బొమ్మలు తయారుచేసి పంపిన ఆ సంస్థను 2019లో రాక్‌స్టార్ గేమ్స్ కొనుక్కుంది. బొమ్మల్లో మన వాళ్ళ చెయ్యి ఉంది, కథల్లో లేదు. అది వేరే వ్యాసానికి సంగతి.

నేను తీసుకున్న ఆట పేరు 'మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్'. అమెరికాలోని ఇన్సోమ్నియాక్ గేమ్స్ తయారుచెయ్యగా, సోనీ సంస్థ 2018 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 4 మీద విడుదల చేసింది. కథ పూర్తి కావడానికి 20 గంటల దాకా పడుతుంది. నేను దీన్ని ఒక నియమం పెట్టుకుని ఆడాను. పీటర్ పార్కర్ చెయ్యని పని నా చేతుల మీదుగా జరగకూడదు, అతను చేసే పని మానకూడదు. మన నాటకాల వాళ్ళు 'పాత్రలో ఉండడం' అనేది ఇదే. నెగ్గడం కోసం ఆడేవాడికి ఈ నియమం కాలికి అడ్డం పడుతుంది. కథ కోసం ఆడేవాడికి మాత్రం ఇదొక్కటే దారి అని నా అభిప్రాయం.

ఈ పీటర్‌కు 23 ఏళ్ళు. ముసుగు తొడుక్కోవడం మొదలుపెట్టి అప్పటికి 8 ఏళ్ళయింది. సాలీడు కుట్టిన కథను మళ్ళీ మొదటినుంచీ చెప్పకపోవడం రచయితలు చేసిన మంచి పని. డాక్టర్ ఆటో ఆక్టేవియస్ ప్రయోగశాలలో ఉద్యోగం, చాలీచాలని జీతం. అద్దె కట్టలేక గది పోతుంది, ఉన్న కాస్త సామానూ చెత్తబండి పాలవుతుంది. అతన్ని పెంచిన మే, ఫీస్ట్ అనే నిరాశ్రయుల వసతిలో పనిచేస్తూ ఉంటుంది. ఊరిని కాపాడేవాడికి ఊళ్ళో గది లేదన్న ఈ కష్టం, పది నెలల అద్దె అడ్వాన్సుగా పోసి ఇల్లు పట్టుకున్న బెంగుళూరు వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

పాత్రలో ఉండి ఆడితే ఆట నడక మారిపోతుంది. మే ఫోను చేసి రమ్మంటే, దారిలో ఏ బిరుదూ బహుమానమూ కనపడినా ఆగకుండా వెళ్ళాను. దొంగతనం జరుగుతోందని పోలీసు రేడియో చెబితే, నాకు ఆ గెలుపు అవసరం లేకపోయినా దిగాను. ఆట రకరకాల దుస్తులు ఇస్తుంది, కుర్రాళ్ళు గంటకొకటి మారుస్తారు. అద్దె కట్టలేనివాడికి అన్ని జతలు ఎక్కడివి? కథ ఇచ్చిన జతతోనే గడిపాను. పని లేనప్పుడు వీధిలో మామూలుగా నడిచాను. అక్కడ దారిన పోయేవాళ్ళకు చెయ్యి ఊపవచ్చు, చేతులు కలపవచ్చు. దానికి మార్కులేమీ రావు. మార్కులు రాని ఆ నడకలోనే నాకు పీటర్ మొదటిసారి కనిపించాడు.

ఔచిత్యం కావ్యానికి ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు, పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని. ఆ గీటురాయి మీద ఈ ఆట చాలాచోట్ల నిలుస్తుంది. మేడమీద నుంచి ఒక దుండగుణ్ణి తన్నామనుకోండి. వాడు కింద పడి చావడు. మన ప్రమేయం లేకుండానే ఒక సాలెదారం వెళ్ళి వాణ్ణి గోడకు అతికిస్తుంది. ఆటగాడికి కోపం రావచ్చు గాని పాత్రకు హత్య రాదు. సంభాషణల్లోనూ ఇదే శ్రద్ధ. పీటర్‌కు గొంతునిచ్చిన యూరీ లోవెంథాల్ చేత చాలా మాటలు రెండేసి సార్లు చెప్పించారు. నిలబడి మాట్లాడేటప్పుడు ఒక ఊపిరి, మేడల మధ్య ఊగుతూ మాట్లాడేటప్పుడు మరొక ఊపిరి. మన నాటక సమాజాల్లో యుద్ధం చేసి వచ్చిన అర్జునుడు రొప్పకుండా రాగం తీసిన సందర్భాలు గుర్తున్నవాళ్ళు ఈ సంగతి మెచ్చుకోకుండా ఉండలేరు.

2015లో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్'లోనూ నాయకుడు చంపనివాడే. కాని అతనికొక యుద్ధశకటం ఇచ్చారు. అది గుద్దినవాళ్ళు చావరట, కరెంటు షాక్ తగిలి పక్కకు పడతారట. ఇది ఔచిత్యం కాదు, ప్రాయశ్చిత్తం. 2009లో వచ్చిన 'ఇన్‌ఫేమస్' మరో తోవ తొక్కింది. మంచివాడివవుతావో చెడ్డవాడివవుతావో నువ్వే తేల్చుకో అంటుంది. ప్రతి పనికీ ఒక పద్దు రాసి పెడుతుంది. స్వేచ్ఛ ఉన్నట్టే కనిపిస్తుంది గాని, పాత్ర ఉండవలసిన చోట చిత్రగుప్తుడి చిట్టా మిగులుతుంది.

ఇక స్పైడర్‌మ్యాన్‌లో దోషాలు. నగరమంతా 'డెవిల్స్ బ్రెత్' అనే రోగం పాకి జనం కుప్పకూలుతున్న వేళకు కూడా, హోవర్డ్ అనే నిరాశ్రయుడి పావురాలు పట్టి తెచ్చే పని అలాగే ఉంటుంది. పాత్రలో ఉన్నవాడు ఆ పావురాల జోలికి పోడు. పోతే పోనీ, తప్పు ఆటగాడిదని సరిపెట్టుకోవచ్చు. రెండో దోషానికి అలాంటి సమాధానం లేదు.

కథ చివర మే ఆ రోగంతోనే మంచం పడుతుంది. మందు ఒక్క సీసా దొరుకుతుంది. అది ఆమెకిస్తే ఆమె బతుకుతుంది, దాచి నమూనాగా వాడితే ఊరంతటికీ మందు తయారవుతుంది. పీటర్ ఊరినే ఎంచుకుంటాడు. చనిపోయే ముందు ఆమె ముసుగు తియ్యమంటుంది. వాడెవరో తనకు ఎప్పుడో తెలుసునంటుంది. ఇంత ఘట్టంలోనూ ఆటగాడికి పని లేదు. సినిమాలా దానంతటది నడిచిపోతుంది. 20 గంటలు నా వేళ్ళ మీద నిలిచిన పాత్రను, అసలు పద్యం వచ్చేసరికి, నన్ను వేదిక దింపి మరొకరికి అప్పగించారు.

నిర్ణయం నాకు వదిలెయ్యవలసిందని నేను అనడం లేదు. హరిశ్చంద్రుడు కాటిసీనులో అబద్ధమాడవచ్చునని ఏ ప్రేక్షకుడూ కోరడు. ఆడడని తెలిసే రాత్రంతా మేలుకుంటాడు. ఎన్నిక లేకపోయినా నటుడికి మోసే బరువుంటుంది. నేనడిగేది ఆ బరువు. సీసాను మంచం దగ్గరనుంచి తలుపు దాకా నా చేత మోయించి ఉంటే చాలు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించేవాళ్ళున్నారు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వారి ఇంటిభాష మరాఠీకి దగ్గరి యాస, ఆటభాష తెలుగు. బొమ్మ పుల్ల పట్టుకున్నవాడే పద్యం పాడతాడు, కాలికింద చెక్క తొక్కి దెబ్బ వినిపిస్తాడు. సీత ఏడ్చేటప్పుడు పుల్ల ఇంకొకరికిచ్చి పక్కకు జరగడు. ప్లేస్టేషన్ ఆటగాడికి పుల్ల ఇచ్చారు, గొంతు ఇవ్వలేదు. దుఃఖం వచ్చేసరికి పుల్ల కూడా లాక్కున్నారు.

గొంతు మాట వచ్చింది కనుక భాష సంగతీ చెప్పాలి. ఈ ఆటలో తెలుగు లేదు, కన్నడమూ లేదు. మా తమ్ముడి కొడుకు పక్కన కూర్చుని చూస్తుంటే, మాటలు నేనే తెలుగులో చెబుతూ ఆడాను. మొదటి అరగంటలోనే చిక్కు వచ్చింది. మే పీటర్‌కు ఏమవుతుంది? ఇంగ్లీషులో ఆంట్ అంటే సరిపోయింది. తెలుగులో అత్తా, పిన్నా, పెద్దమ్మా అని తేల్చకుండా నోరు పెగలదు. ఆమె భర్త బెన్, పీటర్ తండ్రికి అన్న. కనుక ఆమె పెద్దమ్మ. చివరి ఘట్టంలో ఇంగ్లీషు వాళ్ళు నెఫ్యూ అనుకునే సంబంధానికి మనకు వేరే మాటే లేదు. మరిది కొడుకు కొడుకే. ఆ మాట పెట్టి చూడండి. ముసుగు తీసి కొడుకు మొహం చూపించమని ఒక పెద్దమ్మ అడుగుతోంది, ఆ కొడుకు చేతిలో ఆమెను బతికించే మందు ఉంది. మాతృకలో ఉన్నదానికంటే ఘట్టం బరువెక్కింది, పాత్ర కష్టమూ పెరిగింది. మావాడు నన్ను ఇంట్లో పెదనాన్నా అంటాడు, స్నేహితుల ముందు అంకుల్ అంటాడు. బెన్ తనకు అంకుల్ కాడు, పెదనాన్న అవుతాడని లెక్క కట్టుకున్నాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మన ప్రాంతపు వాడే బళ్ళారి రాఘవ (1880-1946). పద్యాన్ని సాగదీసి రాగం తీసే కాలంలో, నాటకమంటే పాట కాదు, నటన అని పట్టుబట్టినవాడు. చచ్చిపడిన పాత్ర 'వన్స్‌మోర్' అనగానే లేచి పద్యం మళ్ళీ అందుకునే రంగస్థలం మీద ఆయనది ఏటికి ఎదురీత. ఆ రంగస్థలంలో ప్రేక్షకుడు పాత్రను చెరిపితే, ఈ ఆటలో కథకుడు ఆటగాణ్ణి చెరుపుతున్నాడు. రెంటికీ మూలం ఒక్కటే: పాత్రలో ఉన్నవాడి మీద నమ్మకం లేకపోవడం. అయినా ఈ ఆట మీద నాకు గౌరవం తగ్గలేదు. లెక్కలోకి రాని చోట్ల, వీధి నడకలో, ఫోను వచ్చినప్పుడు వెళ్ళడంలో, పాత్రను పండించుకునే వీలు ఇందులో ఉన్నంతగా నేను చూసిన మరే ఆటలోనూ లేదు.

మే పోయాక కథ ముగుస్తుంది గాని ఆట ముగియదు. ఊరు తెరిచే ఉంటుంది, నేరాలు జరుగుతూనే ఉంటాయి. పెద్దమ్మ పోతే దాయాదులకు పది రోజుల మైల. పది రోజులూ పెట్టె తెరవలేదు. ఆ సంగతి ఆటకు తెలిసే దారి లేదు. పదకొండో రోజు సాయంత్రం తెరిస్తే, వదిలిన మేడ మీదే వదిలినట్టు కూర్చుని ఉన్నాడు. కాసేపటికి హార్లెంలో కారు దొంగతనమని రేడియో చెప్పింది. దిగాం.