చివరి గీత లోపల

ప్రతి రాష్ట్రంలోనూ అన్నిటికన్నా ఎత్తైన చోటు చూసి రావడం కొందరికి సరదా. అమెరికాలో ఆర్థర్ మార్షల్ అనే ఆయన 1936 నాటికే అప్పటి 48 రాష్ట్రాలూ పూర్తిచేశాడు. మన దేశంలో కల్నల్ రణవీర్ సింగ్ జామ్వాల్ బృందం 28 రాష్ట్రాల శిఖరాలు చుట్టి, 2024లో కాంచనజంగతో ముగించింది. ఏడు ఖండాల శిఖరాలెక్కిన మన మాలావత్ పూర్ణకు కాళ్లూ ఊపిరీ ఎంత అవసరమో, ఈ సరదాకు కళ్లు అంత అవసరం. ఎక్కాల్సిన చోటేదో ముందు తేలాలి కదా. దాన్ని తేల్చేది సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీటు. ఎక్కినవాళ్ల పేర్లు పేపర్లో వస్తాయి గానీ, నన్నడిగితే అసలు పనితనం ఆ షీటుదే.

1942 మొదలు వెదురు నుంచి కాగితం తీసిన కాగజ్‌నగర్‌లో కూర్చుని ఒక కాగితాన్ని మెచ్చుకోవడం సబబే. ఈ ఊరు 56ఎం పటంలోకి వస్తుంది. ఆ పటాన్ని పదహారు ముక్కలు చేసి పెద్దవిగా గీసిన షీట్లలో కిలోమీటరు నేల రెండు సెంటీమీటర్లవుతుంది. ఊరికి తూర్పున, ప్రాణహిత దిక్కు, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమరంగు గీతలు ఎడంఎడంగా ఉంటాయి. పడమట కెరమెరి, జోడేఘాట్ దిక్కు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. ప్రతి అయిదో గీత లావు. వాగు దాటేచోట ప్రతి గీతా ఎగువకు ముడుచుకుంటుంది. నాకు ముచ్చట వేసేది ఆ మడతే. నీలం ఒకసారి, గోధుమ ఒకసారి విడివిడిగా అచ్చుపడే రంగులు. అయినా నీలి వాగు ఆ గోధుమ మడతల్లోంచే దిగుతుంది. వెంట్రుకవాసి జరిగిందంటే వాగు గట్టెక్కి పారుతున్నట్టు కనబడేది.

కొండ కొస దగ్గరికి వచ్చేసరికి గీతలు ఉంగరాలవుతాయి. ఎత్తు వెతికేవాడి పని చివరి ఉంగరంతో మొదలవుతుంది. 940 మీటర్ల ఉంగరం లోపల నేల 941 ఉండొచ్చు, 959 కూడా ఉండొచ్చు. పక్కపక్కనే అలాంటివి రెండుండి, రెంటిలోనూ అంకె వేయకపోతే రెండూ ఎక్కి తీరాలి. ఒకదాని మీద నిలబడి మేస్త్రీ వాడే రసమట్టం పెట్టి రెండోదాని కొసను చూస్తే, ఏది పైదో తెలిసిపోతుంది.

షీటు మీద చుక్కున్న చిన్న త్రిభుజం కనబడితే అది సర్వే వాళ్లు పరికరం నిలిపిన చోటు. ఆ పనికి మూలపురుషుడు విలియం లాంబ్టన్. 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి, కోణాలు కొలిచే దాదాపు అర టన్ను థియోడొలైట్‌ను గుట్ట మీంచి గుట్ట మీదికి మోయిస్తూ ఉత్తరానికి కొలుచుకుంటూ వచ్చాడు. హైదరాబాదు నుంచి నాగపూర్ పోతూ 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆ ఊరున్న వార్ధా జిల్లా పేరు మోసే నదే మన తుమ్మిడిహెట్టి దగ్గర వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. ఆయన వెనక పని చూసిన జార్జ్ ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జ్వరంతో మంచం పట్టాడు. మోసిన ఖలాసీల పేర్లు మాత్రం ఏ షీటు మీదా లేవు.

కోణం కొలిచినంత మాత్రాన ఎత్తు రాదు. పది కిలోమీటర్ల దూరంలోని కొండ, భూమి గుండ్రన వల్ల ఎనిమిది మీటర్లకు కాస్త తక్కువగా కిందికి దిగినట్టుంటుంది. గాలిలో వెలుతురు వంగి అందులో మీటరు వరకు తిరిగి పైకెత్తుతుంది. రెండూ సరిచూశాకే అంకె. ఆ అంకెకు సున్నా సముద్ర మట్టం. 1909 నాటికి దేశం చుట్టూ తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లు కొలిచి దాన్ని ఖాయం చేశారు. వాటిలో విశాఖపట్నం ఒకటి.

ఇంత జాగ్రత్తగా కొలిచినా, ఏ రాష్ట్రానికి ఏది ఎత్తో చెప్పేది సరిహద్దు గీత. 2014 జూన్ 2 దాకా మనందరికీ తూర్పు కనుమల్లోని జిందగడ కొండే పెద్దది. ఆ రోజు నుంచి తెలంగాణకు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు మీది 965 మీటర్ల దోలిగుట్ట వచ్చింది. కొండ అంగుళం పెరగలేదు. అమెరికాలో కనెటికట్‌ది ఇంకా విచిత్రం. దాని ఎత్తైన చోటు ఫ్రిసెల్ కొండ వాలు మీద ఉంది, కొండ కొస పక్క రాష్ట్రం మసాచుసెట్స్‌లో ఉంది. కాబట్టి ఈ సరదాలో శిఖరం అన్న మాటకన్నా ఎత్తైన చోటు అన్నదే సరైన లెక్క.

ఓపెన్ సిరీస్ పటాలను సర్వే ఆఫ్ ఇండియా పౌరులకు ఉచితంగా ఇస్తోంది. మీ మండలం షీటు దింపుకుని చివరి ఉంగరం ఎక్కడుందో ముందు ఇంట్లోనే వెతకండి. కాగజ్‌నగర్ చుట్టుపక్కల గుట్టలైతే తడోబా, కవ్వాల మధ్య పులులు తిరిగే దారి. అటవీ శాఖ అనుమతి లేకుండా, ఒంటరిగా మాత్రం పోవద్దు.