బోరు మోటారుకూ పెట్రోలు పంపుకూ ఒకటే జబ్బు

కుప్పంలో పెళ్లికని మదనపల్లె నుంచి బయల్దేరిన మా పాత కారు పుంగనూరు శివార్లలోనే ఆగిపోయింది. ముల్లు రిజర్వు గీత మీద ఉంది. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు. ఊళ్లోంచి వచ్చిన మెకానిక్ పానా తీయలేదు. వెనక సీటు మీదికి వంగి చెవి ఆనించాడు.

“అన్నా, కీ ఆన్ చెయ్. సెల్ఫ్ కొట్టాకు.”

తిప్పాను. చడీ చప్పుడూ లేదు.

“రెండు సెకండ్లు గుయ్యిమనాల. అనలేదంటే పంపు లేయలేదు.”

ఫ్యూజుల పెట్టెలోంచి హారను రిలే పీకి పంపు రిలే చోట గుచ్చాడు. అయినా పలకలేదు. అంటే తప్పు రిలేది కాదు. కారు కిందికి దూరి రబ్బరు సుత్తితో ట్యాంకు అడుగున రెండు దెబ్బలు వేశాడు. మళ్లీ కీ తిప్పితే గుయ్యిమంది! “లోపల బ్రష్షులు అరిగిపోయినాయి. కుప్పం దాకా పోతాది, యాడా ఇంజన్ ఆపాకు” అన్నాడు.

పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుందంటే చాలామంది ఉలిక్కిపడతారు. కరెంటు మోటారు పెట్రోలులోనా, అంటుకోదా? అంటుకోదు. మంటకు గాలి కావాలి. పంపు లోపల పెట్రోలే తప్ప గాలి ఉండదు. ట్యాంకు పైభాగంలో ఉండేది కూడా మండలేనంత చిక్కటి ఆవిరి. ఇక మా సీమలో దీన్ని వివరించడానికి బొమ్మలు గీయక్కర్లేదు, బోరులో దించే సబ్‌మెర్సిబుల్ మోటారు తలుచుకుంటే చాలు. దాన్ని నీళ్లు చల్లబరుస్తాయి, దీన్ని పెట్రోలు చల్లబరుస్తుంది. నీళ్లు ఇంకిపోయిన బోరులో మోటారు ఆడిస్తే ఏమవుతుందో మదనపల్లె టమాటా రైతుకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. ఆ రైతే కారెక్కితే మాత్రం రెండు వందలకు పెట్రోలు పోయించి రిజర్వులోనే తిప్పుతాడు. నేనూ అదే బాపతు.

పంపు పెట్రోలును మామూలుగా మూడు బార్ల ఒత్తిడితో ఇంజను దగ్గరికి తోస్తుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి అది ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. ఇంజను మీద రైలు అనే గొట్టం, దానికి సిలిండరుకొకటి చొప్పున ఇంజెక్టర్లు. ఇంజెక్టరంటే కరెంటుతో తెరుచుకునే సన్నటి కుళాయి. ఇంజను 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో సిలిండరు సెకనుకు 25 సార్లు పెట్రోలు అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ కుళాయి సెకనులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే తెరుచుకుంటుంది. ఎంతసేపన్నది ఈసీయూ అనే ఇంజను కంప్యూటరు లెక్క. గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. లోపలికి ఎంత గాలి వస్తోందో ఒక సెన్సరు చెబుతుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సైలెన్సరు గొట్టంలోని ఇంకోటి వాసన చూసి చెబుతుంది.

పాత కార్లలో ఇంజెక్టర్ల పని చేసిన కార్బురేటరుకు ఈ ముక్కు లేదు. అందుకే మదనపల్లెలో చక్కగా ట్యూన్ చేసిన పాత మారుతి 800 కూడా, సుమారు 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ ఎక్కేసరికి కాస్త ఉక్కిరిబిక్కిరయ్యేది. పైన గాలి పలచన, పెట్రోలు మాత్రం కింది కొలతే. ఆ కాలపు మేస్త్రీలు స్క్రూడ్రైవరు పట్టుకుని, ఇంజను శబ్దం వింటూ స్క్రూ పావు చుట్టు అటూ ఇటూ తిప్పి సరిచేసేవాళ్లు. ప్లగ్గు విప్పి రంగు చూసేవాళ్లు: మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబారితే తక్కువ, ఇటుక రంగుంటే సరిపోయినట్టు. బాష్ కంపెనీ 1967లోనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమ్మకానికి తెచ్చినా, మన కార్లలో అది సాధారణమైంది 2000 తర్వాత, పొగ నిబంధనలు బిగిసినప్పుడు. బైకుల్లోనైతే 2020లో బీఎస్-6 నిబంధనలతో గానీ మామూలు కాలేదు.

దాంతో మేస్త్రీ చెవికి పని పోయిందనుకున్నారు. నాకలా అనిపించదు. స్కానరు పెడితే ‘పి 0171’ అనే కోడు వస్తుంది. పెట్రోలు తక్కువవుతోందని దాని అర్థం. ఎందుకు తక్కువవుతోందో అది చెప్పదు. పంపు నీరసించిందా, ఫిల్టరు పూడిందా, ఎక్కడైనా గొట్టం పగిలి దొంగగాలి దూరుతోందా? కోడు చూడగానే ఆక్సిజన్ సెన్సరు మార్చి బిల్లు చేతిలో పెట్టే షెడ్డు ఒకటి నాకు తెలుసు. రైలుకు ప్రెషర్ గేజి తగిలించి ఐదు నిమిషాలు చూస్తే పంపు సంగతి బయటపడేది.

పలమనేరు, వి.కోట మీదుగా ఎక్కడా ఇంజను ఆపకుండా కుప్పం చేరాం. మర్నాడు షెడ్డులో ముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజను తనంతట తానే ఆగేదాకా ఆడించారు. అలా ఒత్తిడి దించకుండా గొట్టం విప్పితే పెట్రోలు మొహం మీదికి చిమ్ముతుంది. తర్వాత వెనక సీటు ఎత్తి, మూత తీసి, పంపును పైకి లాగారు. దాని అడుగున మేజోడులా తొడిగిన జల్లెడ నల్లగా, జిగటగా ఉంది. కుర్రాడు దాన్ని వేలితో గీకి చూపిస్తూ అడిగాడు.

“సార్, ఎన్నాళ్లయింది ట్యాంక్ ఫుల్ చేసి?”

పెళ్లికి టైమవుతోందని చెప్పి తప్పించుకున్నాను.