పల్నాటి వీరచరిత్రమున బంటుల బ్రతుకు

పగవాడు పరాయివాడైనప్పుడు యుద్ధకథ చెప్పుట సులభము. మన నాందేడు పిల్లలు మరాఠీ పాఠశాలలలో తానాజీ మాలుసరే పోవాడా విందురు. 1670లో సింహగఢమునకై ప్రాణమిచ్చిన ఆ వీరుని కథలో మనవాడెవడో పగవాడెవడో సందేహముండదు. కాని ఒక్క తండ్రి బిడ్డలే రెండు పక్షములై, ఒక్క నాటి ప్రజలనే రెండు సేనలుగా చీల్చి పోరాడినప్పుడు కవి ఎవరి గెలుపును పాడవలెను? తెలుగున ఈ చిక్కు నెదుర్కొన్న కావ్యము పల్నాటి వీరచరిత్రము. ఆ కావ్యము దానినెంతవరకు విప్పినదో, ఎచ్చట విడిచినదో విచారించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ ద్విపద పదునేనవ శతాబ్ది వాడగు శ్రీనాథ మహాకవి పేర ప్రసిద్ధము. శృంగారనైషధమున ప్రౌఢసమాసములు కూర్చిన కవి, జనులు పాడుకొనదగిన ద్విపదను చేపట్టుట గమనింపదగినది. కావ్యము సమగ్రముగా మనకు దక్కలేదు. బాలచంద్రుని యుద్ధభాగమును శ్రీనాథునిదిగా పండితులు గ్రహించిరి. అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో దీనిని పరిష్కరించి ప్రకటించిరి. ఈ కథ అంతకుముందే వీధులలో పాడబడుచుండెననుటకు, ఓరుగల్లులో పల్నాటి వీరుల కథాగానమును వర్ణించిన క్రీడాభిరామము సాక్ష్యము. కావున కవి కథను కల్పింపలేదు. జనుల నోటనున్న దుఃఖమును గ్రంథస్థము చేసెను.

కథ తెలిసినదే అయినను పిల్లల కొరకు క్లుప్తముగా చెప్పుదును. హైహయ వంశీయుడగు అనుగురాజు వెలనాటి చోళుల ఆడపడుచును పెండ్లాడి పల్నాటిని అరణముగా పొందెను. ఆయన అనంతరము సవతి కుమారులగు నలగామరాజునకును మలిదేవరాజునకును పొత్తు కుదరక గురజాల యొకరికి, మాచెర్ల యొకరికి అయ్యెను. నలగామునికి నాయకురాలు నాగమ్మయు, మలిదేవునికి బ్రహ్మనాయుడును మంత్రులు. కోడిపందెమున ఓడిన మలిదేవుని పక్షమువారు ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరిన పిమ్మట తమ భాగమడుగుటకు దూతగా వచ్చిన అలరాజు విషప్రయోగమున మరణించెను. అతడు నలగామునికి స్వయముగా అల్లుడు. అంతట 1182 ప్రాంతమున కారెంపూడి రణరంగమయ్యెను.

ఈ యుద్ధమునకు కారణము నాగమ్మ యని పలువురి అభిప్రాయము. 1947లోను 1966లోను వచ్చిన రెండు ‘పల్నాటి యుద్ధం’ చలనచిత్రములలో కన్నాంబ గారును భానుమతి గారును ఆ పాత్రను జనుల మనస్సులలో నిలిపిరి. కాని పందెమునకు ఒడంబడినవారు ఇరుపక్షములవారు. రాజ్యమును పుంజు కాలి కత్తిపై పెట్టిన దోషము ఒక్క స్త్రీదేనా? నేను కచేరీలో గుమాస్తాగా ఏండ్ల తరబడి భూముల వాటాల కాగితములు వ్రాసినవాడను. అన్నదమ్ముల తగవు కాగితములలో గట్టు దగ్గర మొదలగును. నిజమునకు పెద్దలు ‘తరువాత చూతము’ అని లేచిపోయిన నాడే అది మొదలై యుండును. పల్నాటి ఏడేండ్ల గడువు అట్టిదే. గడువు తీరెనుగాని కోపము తీరలేదు, వడ్డీతో పెరిగెను.

అయినను ఈ కావ్యమునకు ప్రాణము రాజులును మంత్రులును కారు, బంటులు. బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక తన వారినందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని ప్రతీతి. మాల కులజుడగు కన్నమదాసు ఆయన సేనానాయకుడు. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు సోదరులుగా భావించిన సహచరులలో బ్రాహ్మణుడగు అనపోతరాజు మొదలు కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వరకు గలరు. నిన్నటిదాక కొలిమియు సారెయు నడపిన చేతులే నేడు కత్తి పట్టినవి.

బాలచంద్రుడు యుద్ధవార్తను సభలో వినలేదు, వీధిలో బొంగరములాడుచు వినెను. బొంగరము తగిలి గాయపడిన అన్నమ్మ నిష్ఠురమాడగా, పెద్దలందరు పోరికి పోయిరని అతనికి తెలిసెను. పెద్దలు మొదలిడిన యుద్ధము పిల్లల ఆటలోనికి ఇట్లు చొచ్చుకొని వచ్చును. తల్లి ఐతమ్మ వేదన, భార్య మాంచాల కత్తి చేతికిచ్చి పంపుట మన హృదయములను కరగించును.

అన్నిటికంటె గొప్ప ఘట్టము అనపోతరాజుది. బ్రాహ్మణుడు తన వెంట రణమున చచ్చుట తగదని తలచి, బాలచంద్రుడు ఒక మిషపై అతనిని వెనుకకు పంపును. అనపోతరాజు ఆ నెపమును గ్రహించి ప్రాణత్యాగము చేసికొనును. బాలచంద్రునిది దయయే, సందేహము లేదు. కాని అన్నము దగ్గర పోయిన కులము చావు దగ్గర మరల వచ్చినది! కలిసి కుడిచినవానిని కలిసి చావనీయకపోవుట అనపోతరాజునకు అవమానముగా తోచెను. చాపకూడు ఘనతను పొగడువారు పెక్కుమంది గలరు. దాని హద్దును ఇంత కరుణతో చూపినది ఈ ఘట్టమొక్కటే.

లోపమును కూడ చెప్పవలెను. మాంచాల వీడ్కోలు మనకు వినబడినట్లు కుమ్మరి ఇంటి వీడ్కోలు, చాకలి ఇంటి వీడ్కోలు వినబడవు. వారు వృత్తి పేరుతో వచ్చి, శౌర్యముతో పడిపోవుదురు. ఈ లోటును కావ్యముకంటె కారెంపూడి ఎక్కువగా పూరించినది. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని ఆ గ్రామమున నాగులేటి దగ్గర వీరుల గుడి గలదు. ఏటేట కార్తిక అమావాస్య మొదలు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినములు ఆరాధనము జరుగును. వీరుల ఆయుధములకు పూజలు చేయుదురు. మాల కులజులగు వీరవిద్యావంతులు కథ పాడుదురు. అలిసెట్టి గాలేయ్య అను గాయకుడు 1974లో పాడిన కథను జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు సేకరించి 1982లో ఆంగ్లమున ప్రకటించెను. చచ్చినవారి పక్షమువారే ఆ చావును పాడుట ఈ సంప్రదాయమునకు బలము.

యుద్ధఫలము మాటయేమి? తుదకు బ్రహ్మనాయుడు నలగామునికే రాజ్యమప్పగించి గుత్తికొండ బిలమున ప్రవేశించెనని కథ. ముందెవడు రాజో పిదపను వాడే రాజు. బంటులు మాత్రము తిరిగి రాలేదు. కవి అడిగినను అడుగకున్నను, ఈ ముగింపు చదివినవాడు ‘ఇంతమంది ఎందుకు చచ్చిరి?’ అని అడుగక మానడు. మొదట మనమడిగిన ప్రశ్నకు కావ్యమిచ్చు సమాధానమిదియే: దాయాదుల పోరున పాడదగిన గెలుపు లేదు, తలచుకొనదగిన మనుష్యులు కలరు.

1956లో హైదరాబాదు రాష్ట్రము విడిపోయినప్పుడు మనము ఇల్లు కదలకయే బొంబాయి రాష్ట్రమువారమైతిమి, 1960లో మహారాష్ట్రమువారమైతిమి. ఇండ్లలో తెలుగు మాట నిలిచినది గాని, తెలుగు చదువగల పిల్లలు తగ్గుచున్నారు. ద్విపద వినుటకు పుట్టినది. అక్షరము రానివారికి కూడ అది అందును. కావున పెద్దలు రాత్రి భోజనానంతరము ఒక్కొక్క పుట పెద్దగా చదివి పిల్లలకు వినిపింతురుగాక. అయితే బాలచంద్రుని శౌర్యము దగ్గర పుస్తకము మూయవలదు. అనపోతరాజు దాక చదువవలెను.