డబ్బు లెక్కకు రాదట!

ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకాల్లో నాకు బొత్తిగా గిట్టని సూత్రం ఒకటుంది: లెక్కపెట్టగలిగితే కౌంటబుల్, లేకపోతే అన్‌కౌంటబుల్. దాన్ని బట్టీపట్టి వచ్చిన పిల్లల్ని ‘మనీ’ ఏ కోవలోకి వస్తుందో అడిగి చూడండి. కౌంటబుల్ అని ఠక్కున చెబుతారు. ఎందుకు చెప్పరు? బ్యాంకు క్యాషియరు పొద్దస్తమానం లెక్కపెట్టేది దాన్నేగా! గ్రామర్ మాత్రం ఒప్పుకోదు. లెక్కకొచ్చేవి రూపాయలూ నోట్లూనట, మనీ కాదట. ‘ఫర్నిచర్’దీ అదే వరస. నాలుగు కుర్చీలు, ఒక బల్ల కళ్లెదుటే ఉన్నా ఆ మాట చివర ‘ఎస్’ పెట్టకూడదు.

అందుకే ఈ పాఠాన్ని నేను వంటింట్లోంచి మొదలుపెడతాను. పాలు పొంగాయి, నెయ్యి కరిగింది. నీళ్లు మరిగాయి, నూనె కాగింది. బియ్యం నానాయి, అన్నం ఉడికింది. నిన్న రాత్రి ‘కాగాయి’ అనిపించుకున్న పాలే పొద్దున్నకి పెరుగై ‘గట్టిగా ఉంది’ అనిపించుకుంటాయి. ఇదేం న్యాయం అని మనమెప్పుడూ అడగలేదు. మన వ్యాకరణం కూడా పాలు, నీళ్లు, వడ్లు వంటివాటికి నిత్యబహువచనాలని పేరు పెట్టి ఊరుకుంది. పోనీ బహువచనం కదా అని పక్కన అంకె వేద్దామంటే, ‘మూడు పాలు’ అన్నప్పుడు వినేవాళ్లు మూడు వాటాలనుకుంటారు.

అంటే ఈ తేడా వస్తువులో కన్నా భాష అలవాటులోనే ఎక్కువుంది. ఇంగ్లిష్‌లో గోధుమలు ‘వీట్’, ఏకవచనం. ఓట్స్ ఏమో బహువచనం. రెండూ గింజలే! బఠాణీ కథ మరీ చిత్రం. ఒకప్పుడు దాన్ని ‘పీజ్’ అనేవారు, అది ఏకవచనమే. చివర వినబడే శబ్దం బహువచనానిదని పొరబడ్డ జనం, 17వ శతాబ్దం వచ్చేసరికి ఆ తోక కోసేసి ‘పీ’ అనే కొత్త ఏకవచనాన్ని పుట్టించారు. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924లో అచ్చయిన ‘ద ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’లో ఈ రెండు రకాల మాటల్నీ విడదీసి చూపించాడు. మాట వినగానే ఒక ఆకారం, ఒక హద్దు ఉన్న వస్తువు మనసులో మెదులుతుందా లేదా అన్నది ఆయన గీటురాయి. వేళ్లు మడిచి లెక్కపెట్టడం కన్నా ఇది చాలా నయం.

‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనగానే క్లాసులో నవ్వులు వినబడతాయి. సలహాను ముక్కలు కోస్తారా సార్ అని. కోయరు గానీ, నూనె అప్పడిగితే గిద్దెడు అనో, బియ్యమైతే సోలెడు అనో, ఉప్పయితే చిటికెడు అనో మనమూ అంటాం కదా! మనం సరుకులకే వాడే కొలపాత్రను ఇంగ్లిష్ సలహాకీ, సమాచారానికీ, ప్రయాణంలో సామానుకీ కూడా అడుగుతుంది. అందుకే ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ‘టూ లగేజెస్’ అంటే కుదరదు, ‘టూ బ్యాగ్స్’ అనాలి. కొత్త మాట ఏది దొరికినా దాని ముందు ‘మెనీ’ వచ్చిందా, ‘మచ్’ వచ్చిందా చూసి, ఆ జంటను జంటగానే నోటుబుక్కులో రాసుకోమంటాను. అలా రాసుకున్నా ‘హెయిర్’ లాంటివి తిప్పలు పెడతాయి. తలమీద ఉన్నంతసేపూ అది అన్‌కౌంటబుల్. సాంబారులో ఒక్కటి తేలిందా, ‘ఎ హెయిర్’ అయిపోతుంది!

‘లెస్’, ‘ఫ్యూయర్’ తగాదాలో మాత్రం నేను మార్కులు కోయను. లెక్కకొచ్చేవాటికి ‘ఫ్యూయర్’ వాడితే సొగసుగా ఉంటుందని 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన తన అభిరుచి కొద్దీ రాశాడు. తర్వాత్తర్వాత అదే శాసనమై కూర్చుంది. బ్రిటన్‌లో టెస్కో దుకాణాల కౌంటర్ల మీద ‘10 ఐటెమ్స్ ఆర్ లెస్’ అని ఉండేది. అది తప్పని సణిగేవాళ్లతో వేగలేక కాబోలు, 2008లో ‘అప్ టు 10 ఐటెమ్స్’ అని మార్చి రెండు మాటల్నీ వదిలించుకున్నారు. సొంతగడ్డ మీదే తేలని పంచాయితీకి మా పిల్లలెందుకు జరిమానా కట్టాలి? ‘ఇన్ఫర్మేషన్స్’ అని రాస్తే మాత్రం ఊరుకోను. ఉద్యోగం దరఖాస్తులో ఆ ఒక్క ‘ఎస్’ చూసి కాగితం పక్కన పెట్టేసేవాళ్లు ఉన్నారు.