స్విండన్‌లో రైల్వే కార్మికుని ఇల్లు

పంతొమ్మిదో శతాబ్దపు రైల్వే నిర్మాణాల చరిత్రలో వంతెనలకు, సొరంగాలకు, స్టేషన్ల గోపురాలకు దక్కిన చోటు, ఆ రైళ్ళను తయారుచేసిన మనుషుల ఇళ్ళకు దక్కలేదు. ఇంగ్లండులోని స్విండన్ రైల్వే గ్రామం ఈ లోటును కొంత తీర్చగల అరుదైన ఉదాహరణ. విక్టోరియా రాణి పాలన తొలి సంవత్సరాల్లో మొదలైన ఆ ఇళ్ళ బారులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో జనం కాపురముంటున్నారు.

1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన ఇంజన్ల మరమ్మతుకు ఒక కర్మాగారం నిర్మించదలచింది. ఇంజన్ల విభాగానికి అధిపతి అయిన డేనియల్ గూచ్ అప్పటికి 24 ఏళ్ళ యువకుడు. అతడు స్విండన్‌ను సూచించగా ప్రధాన ఇంజనీరు బ్రూనెల్ అంగీకరించాడు. పాత స్విండన్ కొండమీది చిన్న సంతపట్టణం. పట్టాలు పడింది మాత్రం దిగువ పొలాల్లో. కర్మాగారం 1843 జనవరిలో పని ప్రారంభించింది. అందులో పనికి వచ్చేవారికి ఆ పొలాల్లో తలదాచుకొనే చోటు లేదు. ఇళ్ళు కట్టించేందుకు కంపెనీ చేతిలో సొమ్మూ లేదు.

అందుకు కుదిరిన ఒప్పందం విచిత్రమైనది. రిగ్బీ అనే కాంట్రాక్టర్లు స్టేషనును, 300 ఇళ్ళను సొంత ఖర్చుతో కట్టాలి. ప్రతిఫలంగా ఇళ్ళ అద్దెలతోపాటు స్టేషనులోని ఫలహారశాల లాభం వారిది. ఆ లాభానికి లోటు రాకుండా రైళ్ళన్నీ స్విండన్‌లో పది నిమిషాలు ఆగాలి! అక్కడ ఇచ్చే కాఫీని గురించి బ్రూనెల్ స్వయంగా వెటకారంగా ఒక ఉత్తరం రాశాడు. 99 ఏళ్ళ ఆ కౌలు నుండి బయటపడేందుకు కంపెనీ 1895లో లక్ష పౌండ్లు చెల్లించవలసి వచ్చింది. కార్మికుని గడప ఈ విధంగా ప్రయాణికుని ఆకలిమీద లేచింది. ఇళ్ళ వైశాల్యం విషయంలో అంత పిసినారితనం ఎందుకు చూపారో అర్థం చేసుకోవాలంటే ఈ లెక్కను మరువరాదు.

గ్రామం పథకం సరళమైనది. నడుమ ఒక చౌకు. దానికి ఇరువైపులా సమాంతరంగా వీథులు. పడమటి వీథులకు బ్రిస్టల్, ఎక్సెటర్, టాంటన్ వంటి పడమటి ఊళ్ళ పేర్లు, తూర్పు వీథులకు లండన్, ఆక్స్‌ఫర్డ్, రెడింగ్ వంటి తూర్పు ఊళ్ళ పేర్లు పెట్టారు. ఇళ్ళ గోడలు సున్నపురాతివి. ముందు చిన్న తోట, వెనుక గోడకట్టిన పెరడు, ఆ పెరళ్ళ వెంబడి ఇరుకు సందు. రూపకల్పనను సాధారణంగా బ్రూనెల్‌కే ఆపాదిస్తారు. పట్టాలవైపు తిరిగిన బారులో కిటికీల చుట్టూ చెక్కుడు రాళ్ళు, కోణాకారపు శిఖరాలు పాత గ్రామసీమల పెద్దయిళ్ళను తలపిస్తాయి. రైలు కిటికీలోనుండి చూసేవాని కంటికి కంపెనీ తన ఔదార్యాన్ని ఇక్కడ ప్రదర్శించింది. ఈ ముఖశోభను మాత్రమే చూసి స్విండన్‌ను ఆదర్శ గ్రామమని మెచ్చుకోవడం తొందరపాటు. గోడ వెనుక ఉన్నది వేరు. తొలినాటి చిన్న ఇళ్ళలో కింద ఒక గది, పైన ఒక గది. అద్దె భారం మోయలేక కుటుంబాలు బసవాళ్ళను చేర్చుకొనేవి. ఒకే ఇంట రెండు కుటుంబాలు సర్దుకొన్న సందర్భాలూ ఉన్నాయి. వీథికి చూపిన శిల్పశ్రద్ధలో సగమైనా గదుల కొలతల మీద చూపలేదన్నది ఈ వాస్తువుపై ప్రధానమైన అభ్యంతరం.

అయినప్పటికీ ఈ గ్రామం కేవలం మురికివాడగా దిగజారకపోవడానికి కారణం దాని ఉమ్మడి వ్యవస్థలు. 1847లో వైద్యనిధి సంఘం ఏర్పడింది. జీతాల నుండి మినహాయించిన చందాలతో కార్మికులు తమ వైద్యుణ్ణి తామే పోషించుకొన్నారు. తరువాత ఆసుపత్రిని, స్నానశాలలను సమకూర్చుకొన్నారు. 1948లో బ్రిటన్ జాతీయ ఆరోగ్యసేవ ఏర్పడినప్పుడు ఈ సంఘం ఒక నమూనాగా పేర్కొనబడింది. 1855లో చౌకు నడుమ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ భవనం గ్రంథాలయంతో, సభామందిరంతో వెలసింది. ఇంట్లో లేని జాగాను ఊరు ఇచ్చింది. ఇంటిని ఊరినుండి విడదీసి విలువకట్టడం ఇక్కడ సాధ్యపడదు.

ఇదే కర్మాగారంలో 1892 నుండి 1914 వరకు సమ్మెటశాలలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ విలియమ్స్, 1915లో కర్మాగార జీవితంపై నిర్మొహమాటమైన గ్రంథం ప్రచురించాడు. ఆయన నివాసం రైల్వే గ్రామం కాదు, సమీపంలోని సౌత్ మార్స్టన్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనికుడిగా భారతదేశానికి వచ్చిన ఈ కార్మికుడు తరువాత స్వయంకృషితో సంస్కృతం నేర్చి పంచతంత్ర కథలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. అవి ఆయన మరణించిన 1930లోనే వెలువడ్డాయి. భారతీయ పాఠకులకు ఆయన పేరు ఇంకా బాగా తెలియవలసి ఉంది.

1960 దశకంలో కూల్చివేత ముప్పు ఏర్పడగా పురపాలక సంఘం ఈ ఇళ్ళను కొని బాగుచేయించింది. కర్మాగారం 1986లో మూతపడింది. పునరుద్ధరణలో ముందుగోడలు యథాతథంగా నిలిచాయి. లోపల స్నానపు గదులు, ఆధునిక వంటగదులు వచ్చాయి. నివాసయోగ్యతకు అది తప్పని మార్పు. ఫారింగ్‌డన్ రోడ్డులోని ఒక ఇంటిని మాత్రం సుమారు 1900 నాటి స్థితిలో ప్రదర్శనకు అలంకరించారు. తళతళలాడే పొయ్యి, మడతపెట్టిన దుప్పట్లు చూపరులను ఆకట్టుకొంటాయి. అయితే అందులో ఒక్క కుటుంబమే కనిపిస్తుంది; తొలినాళ్ళ కిక్కిరింపు జాడ లేదు. 1840 దశకపు ఇల్లు కూడా పక్కనే చూపి ఉంటే చరిత్రకు న్యాయం జరిగేది.

మన దేశంలో డార్జిలింగ్ కొండరైలుకు 1999లో, ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌కు 2004లో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. కార్మికుల కాలనీ ఏదీ ఆ జాబితాలో స్వతంత్రంగా చోటు చేసుకోలేదు. లాలాగూడ, బిట్రగుంట, తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ వంటి చోట్ల రైల్వే క్వార్టర్లను పరిశీలించేవారు స్విండన్ నుండి ఒక పద్ధతిని స్వీకరించవచ్చు: ముందుగోడను ఫొటో తీసేముందు గదుల కొలతలు తీసుకోవాలి, ఆ గదుల్లో ఎందరు నిద్రించారో పాత కాపురస్థుల నోట విని రాసుకోవాలి.